గాలిఫ్రే వన్: సీరియల్ ఆగిపోయినా ఆగని జనం

డాక్టర్ హూ సీరియల్ ని బీబీసీ 1989 డిసెంబర్ లో ఆపేసింది. లాస్ ఏంజెలెస్ లో గాలిఫ్రే వన్ అనే డాక్టర్ హూ అభిమానుల కన్వెన్షన్ 1990 లో మొదలైంది. ఈ రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి చూడండి ఒకసారి. సీరియల్ ఆగిపోయాక, మళ్ళీ వస్తుందో రాదో తెలీని టైమ్ లో, అది కూడా సీరియల్ తీసిన దేశంలో కాదు, సముద్రం అవతల అమెరికాలో, కొంతమంది కూర్చుని మనం ఏటా ఒకచోట కలుద్దాం అనుకున్నారు. కలిశారు కూడా. మధ్యలో 1996 లో వచ్చిన ఒక్క టీవీ సినిమా తప్ప 2005 మార్చి దాకా కొత్త ఎపిసోడ్ అన్నదే లేదు, అయినా వీళ్ళు ఆగలేదు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ నాకు ఎలాగైనా వెళ్ళి ఆ మనుషుల్ని చూడాలి అని మనసులో పడిపోయింది, ఈ ఏడాది కుదిరింది.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. డాక్టర్ అనేది అతని పేరు, వేరే గ్రహం మనిషి, ఆ గ్రహం పేరే గాలిఫ్రే. నీలం రంగు పోలీస్ బాక్స్ లా కనిపించే టార్డిస్ అనే కాలయంత్రంలో తిరుగుతుంటాడు, బయట చూస్తే చిన్న పెట్టె, లోపల పెద్ద భవనమంత ఉంటుంది. చావు దగ్గరికి వస్తే చావడు, మొహం, మనిషి మారిపోయి కొత్త మనిషిగా లేస్తాడు. మొదటి డాక్టర్ గా వేసిన విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం బాగోక తప్పుకోవాల్సి వస్తే 1966 లో పుట్టిన ఐడియా ఇది, ఆ ఒక్క ఐడియా వల్లే అరవై ఏళ్ళ పైన బతికింది ఈ కథ.

నన్ను తీసుకెళ్ళింది మా అక్క కూతురు మేఘన. లాంగ్ బీచ్ లో ఎమ్మెస్ చేస్తోంది. ఎలా వెళ్ళాలి, ఏం తెచ్చుకోవాలి అన్నీ దానికే తెలుసు. ఫోన్ చేసి మొదట అడిగిన మాట "పిన్నీ, రిబ్బన్లు చేయించావా?" రిబ్బన్లు ఏంటే అంటే, నువ్వు ఆ పని నాకు వదిలెయ్ అంది.

కన్వెన్షన్ శుక్రవారం నుంచి ఆదివారం, కానీ గురువారం సాయంత్రానికే జనం దిగిపోతారు. ఎయిర్‌పోర్ట్ పక్కన సెంచురీ బులెవార్డ్ మీద మారియట్ హోటల్. ఆ సాయంత్రం లాబీలో ఊరికే కలవడానికి కూడా ఒక పేరుంది, లాబీకాన్. ప్రోగ్రాం ఏమీ ఉండదు, స్టేజ్ ఉండదు, ఏడాది తర్వాత కలుసుకున్న వాళ్ళు కావలించుకోవడం, కొత్త వాళ్ళని పిలిచి కూర్చోబెట్టడం, అంతే. ట్రాలీ బ్యాగులు లాక్కుంటూ వచ్చిన పైలట్లు, ఎయిర్ హోస్టెస్ లు అలా నిలబడిపోయి చూస్తున్నారు. మేము చెక్-ఇన్ లైన్ లో ఉండగానే మా వెనకాయన మేఘన మెళ్ళో స్కార్ఫ్ చూసి, ఇది ఫలానా సీజన్ ది కదా అని కరెక్ట్ గా చెప్పేశాడు.

ఆ స్కార్ఫ్ సంగతి చెప్పాలి. 1974 నుంచి 1981 దాకా డాక్టర్ గా వేసిన టామ్ బేకర్ మెళ్ళో ఒక పొడుగాటి చారల స్కార్ఫ్ ఉంటుంది, మనిషికి రెండింతల పొడవు. కాస్ట్యూమ్ డిజైనర్ జేమ్స్ యాచిసన్ రకరకాల రంగుల ఉన్ని కొని బెగోనియా పోప్ అనే ఆవిడకి ఇచ్చి స్కార్ఫ్ అల్లమన్నాడు, ఆవిడ ఇచ్చిన ఉన్ని మొత్తం అల్లేసింది. అది చూసి టామ్ బేకర్ కి నచ్చేసి అలాగే వేసుకున్నాడు. మళ్ళీ ఏళ్ళు గడిచే కొద్దీ అది పాడవడం, వేరేది రావడం, ఒకదాంట్లో ముక్క ఇంకోదానికి కలపడం, ఇలా మారుతూ వచ్చింది. ఏ సీజన్ లో ఏ చార ఎన్ని వరసలు, ఏ రంగు తర్వాత ఏ రంగు, అన్నీ అభిమానులు ఎపిసోడ్లు ఆపి ఆపి లెక్కపెట్టి రాసి పెట్టారు, ఆ ప్యాటర్న్ చూసే మేఘన సెమిస్టర్ అంతా లైబ్రరీ నుంచి వచ్చాక రాత్రిళ్ళు అల్లింది. శనివారం మధ్యాహ్నం ఒక పెద్దావిడ దాన్ని పక్కకి పిలిచి, స్కార్ఫ్ చివర కుచ్చులు చేత్తో తిరగేసి చూసి, ఒకచోట ఊడేలా ఉందని తన సంచీలోంచి సూది తీసి అక్కడే నిలబడి బిగించి ఇచ్చింది. పేరు కూడా అడగలేదు, ఈ రంగు ఉన్ని ఎక్కడ దొరికింది అని మాత్రం అడిగింది.

ఇక రిబ్బన్లు. మెళ్ళో వేసుకునే బ్యాడ్జి కింద అతికించుకునే చిన్న సాటిన్ పట్టీలు ఇవి, ఒకదాని కింద ఒకటి అతుక్కుంటూ పోతాయి. ఎవరికి వాళ్ళు సొంతంగా ఏదో ఒక డైలాగో, బొమ్మో ప్రింట్ చేయించి తెచ్చుకుంటారు, ఎదురుపడిన వాళ్ళకి ఇస్తారు, వాళ్ళవి తీసుకుంటారు. డబ్బులు లేవు, అమ్మడం లేదు, ఇచ్చి పుచ్చుకోవడమే. ఆదివారానికి కొంతమంది బ్యాడ్జీలు పూలజడలా మోకాళ్ళు దాటి కిందకి వేలాడుతున్నాయి, నడుస్తుంటే చేత్తో పట్టుకుని నడుస్తున్నారు. మేఘన తెలుగు లిపిలో "పరిగెత్తు!" అని ఎర్ర రిబ్బన్ మీద తెల్ల అక్షరాలతో చేయించింది. 2005 లో సీరియల్ తిరిగి వచ్చినప్పుడు కొత్త డాక్టర్ నోట వచ్చిన మొదటి మాట అదే, సెల్లార్ లో చిక్కుకున్న షాపు పిల్ల రోజ్ చెయ్యి పట్టుకుని ఆ ఒక్క మాట అంటాడు. మా రిబ్బన్ తీసుకున్న వాళ్ళు ఇదేం భాష అని అడగడం, తెలుగు అనగానే ఒకసారి పలికి చూపించమనడం, తర్వాత కారిడార్ లో మేము కనిపించినప్పుడల్లా దూరం నుంచి "పరిగెత్తూ" అని అరవడం. కొత్తవాళ్ళతో మాట కలపడానికి బిడియపడే వాళ్ళకి ఇంతకన్నా మంచి ఏర్పాటు నేను చూడలేదు, చేతిలో ఇవ్వడానికి ఏదో ఒకటి ఉంటే చాలు మాట దానంతట అదే వస్తుంది. నాకు రిబ్బన్ ఇచ్చి కబుర్లలో పడిన వాళ్ళలో నర్సులు ఉన్నారు, స్కూల్ టీచర్లు ఉన్నారు, రిటైరైన పోస్ట్ మ్యాన్ ఒకాయన ఉన్నాడు.

ఇంకో విషయం, ఇది పెద్ద కంపెనీ నడిపే షో కాదు. అంతా వాలంటీర్లే, బ్యాడ్జీలు ఇచ్చేవాళ్ళు, మైకులు పెట్టేవాళ్ళు, లైన్లు చూసుకునేవాళ్ళు అందరూ. జనం మూడు వేల పైచిలుకు వస్తారు, అంతకన్నా మరీ పెరగనివ్వకుండా టికెట్లు ఆపేస్తారు. నాకు పెద్ద పెద్ద కామిక్ షోలకి వెళ్ళిన అనుభవం ఉంది, అక్కడ లైన్ లో నిలబడి డబ్బు కట్టి ఫోటో దిగి వచ్చేయడమే. ఇక్కడ కూడా ఫోటోలు, ఆటోగ్రాఫులు ఉన్నాయి, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. కానీ కాఫీ క్లాచ్ అని ఒకటి పెడతారు, పేర్లు రాసుకున్న వాళ్ళలో లాటరీ తీసి కొద్దిమందిని ఒక టేబుల్ చుట్టూ కూర్చోబెడతారు, సీరియల్ లో పనిచేసిన వాళ్ళు ఒకరు వచ్చి వాళ్ళతో కాఫీ తాగుతూ గంటసేపు మాట్లాడతారు. అందులో నటులే కాదు, మేకప్ చేసినవాళ్ళు, స్క్రిప్ట్ ఎడిటర్లు కూడా ఉంటారు, వాళ్ళకి కూడా అంతే జనం పేర్లు ఇస్తారు. నాకు ఇది చాలా గొప్పగా అనిపించింది. తెర వెనక పనిచేసిన వాళ్ళ పేర్లు మనం ఎంతమందివి గుర్తు పెట్టుకుంటాం చెప్పండి.

ఇక్కడ వాళ్ళు గుర్తు పెట్టుకుంటారు. టైటిల్ మ్యూజిక్ సంగతే చూడండి. రాన్ గ్రైనర్ రాసిన ట్యూన్ ని 1963 లో బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్ లో డీలియా డెర్బీషైర్ అనే ఆవిడ తయారు చేసింది. సింథసైజర్లు ఇంకా అమ్మకానికి రాని రోజులు, ఒక్కో శబ్దాన్ని టేపు మీద రికార్డు చేసి, దాని స్పీడు మార్చి, ఇంచుల లెక్కన కత్తిరించి, ముక్క ముక్క అతికించి చేసింది మొత్తం. గ్రైనర్ అది విని ఆశ్చర్యపోయి ఆవిడ పేరు కూడా వెయ్యాలన్నాడు, అప్పటి బీబీసీ రూల్స్ ఒప్పుకోలేదు. 2001 లో ఆవిడ పోయింది, తెర మీద ఆవిడ పేరు పడింది 2013 లో, యాభయ్యో వార్షికోత్సవం ఎపిసోడ్ లో. టార్డిస్ ఎగిరే శబ్దం బ్రయన్ హాడ్జ్‌సన్ ది, పాత పియానో తీగల మీద ఇంటి తాళంచెవి పెట్టి గీశాడు. ఈ కథలు ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెప్తారు.

నేను ముఖ్యంగా రాయాలనుకున్నది శనివారం సాయంత్రం మేము కూర్చున్న ప్యానెల్ గురించి. పోయిన ఎపిసోడ్ల మీద అది. అరవైల్లో తీసిన డాక్టర్ హూ ఎపిసోడ్లలో తొంభైకి పైగా ఇప్పుడు లేవు. అప్పట్లో వీడియో టేపు చాలా ఖరీదు, ఒకసారి ప్రసారం అయ్యాక మళ్ళీ మళ్ళీ వెయ్యడానికి నటుల యూనియన్ ఒప్పందాలు ఒప్పుకోవు, ఇంట్లో క్యాసెట్ కొనుక్కుని చూసే రోజు వస్తుందని ఎవరూ ఊహించలేదు, అందుకని టేపులు తుడిచి వాటి మీద వేరే ప్రోగ్రాములు రికార్డు చేసేశారు. విదేశాలకి అమ్మడానికి తీసిన 16 ఎంఎం ఫిల్మ్ కాపీలు కూడా గడువు అయ్యాక కాల్చేశారు, పారేశారు. అలా అమ్మినవాటిలో మిగిలిపోయినవే అక్కడక్కడా బయటపడుతుంటాయి, 1992 లో హాంకాంగ్ నుంచి నాలుగు భాగాల కథ ఒకటి పూర్తిగా దొరికింది, 2013 లో నైజీరియాలోని జోస్ అనే ఊళ్ళో టీవీ స్టేషన్ లో దొరికిన తొమ్మిది ఎపిసోడ్ల గురించి ప్రకటించారు.

బొమ్మ పోయింది కానీ శబ్దం పోలేదు, పోయిన ప్రతి ఎపిసోడ్ కీ ఆడియో ఉంది. ఎలా ఉందంటే అప్పటి పిల్లలు రికార్డు చేసుకున్నారు! టీవీ ముందు టేప్ రికార్డర్ మైకు పెట్టి, ఇంట్లో వాళ్ళని కాసేపు మాట్లాడొద్దని బతిమాలి. ఒక కుర్రాడైతే బయటి చప్పుళ్ళు పడకుండా టీవీ లోపలి నుంచే వైరు లాగి టేప్ రికార్డర్ కి కలిపాడట, అందుకే అతని రికార్డింగులు అంత శుభ్రంగా ఉన్నాయి. బీబీసీ తుడిచేసినదాన్ని పిల్లలు దాచారు. ఆ రికార్డింగులు పెట్టుకునే ఇప్పుడు బీబీసీ వాళ్ళు సీడీలు, యానిమేషన్లు వేస్తున్నారు.

ప్యానెల్ లో మార్కో పోలో కథ నుంచి కొన్ని నిమిషాలు వినిపించారు. 1964 లో వచ్చింది, ఏడు భాగాలు, ఒక్కటీ లేదు. డాక్టర్, అతని తోటివాళ్ళు మార్కో పోలో బిడారుతో కలిసి కుబ్లాయ్ ఖాన్ దగ్గరికి వెళ్ళే కథ. హాల్లో లైట్లు తగ్గించి, తెర మీద నలుపు తెలుపు ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ ఆడియో పెట్టారు. పింగ్ చో అనే అమ్మాయి అందరి మధ్య నిలబడి కథ చెప్పే సీన్. టేపు సన్నగా బుస్సుమంటోంది, దాని మీద ఆ అమ్మాయి గొంతు. నా ముందు వరసలో డాలెక్ (సీరియల్ లో డాక్టర్ కి బద్ధశత్రువు) డ్రెస్ వేసుకున్న అతను పైన తొడుక్కున్న డోమ్ తీసి ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు. మేఘన నా చెయ్యి పట్టుకుంది.

ఈ ఏడు భాగాల్లో ఆరింటికి డైరెక్టర్ వారిస్ హుస్సేన్. లక్నోలో పుట్టినాయన! 1963 నవంబర్ 23 న వచ్చిన మొట్టమొదటి డాక్టర్ హూ ఎపిసోడ్ డైరెక్ట్ చేసింది కూడా ఈయనే, అప్పటికి ఇంకా పాతికేళ్ళు నిండలేదు. ప్రొడ్యూసర్ వెరిటీ లాంబర్ట్ కి ఇరవై ఏడేళ్ళు, అప్పట్లో బీబీసీ డ్రామాలో ఉన్న ఒకే ఒక్క ఆడ ప్రొడ్యూసర్ ఆవిడే. వీళ్ళకి ఇచ్చింది లైమ్ గ్రోవ్ అనే పాత ఇరుకు స్టూడియో. ముందు రోజే కెనెడీ హత్య జరగడంతో జనం ధ్యాసంతా ఆ వార్తల మీదే ఉంది, అందుకని వారం తర్వాత రెండో ఎపిసోడ్ కి ముందు మొదటిది మళ్ళీ వేశారు. తెర మీద మేము చూసిన ఆ మార్కో పోలో ఫోటోలు అప్పట్లో టీవీ తెర నుంచి కెమెరాతో తీసినవి, ఎన్నో ఏళ్ళ తర్వాత బయటపడ్డది వారిస్ హుస్సేన్ సొంతంగా దాచుకున్న కాపీల నుంచే. అంటే బొమ్మ డైరెక్టర్ దాచాడు, మాట పిల్లలు దాచారు, ఆ రెండూ కలిపి మేము లాస్ ఏంజెలెస్ హోటల్ హాల్లో కూర్చుని వింటున్నాం. నాకు గొంతు పట్టేసింది, నిజంగా.

బయటికి వచ్చాక కాఫీ దగ్గర అయోవా నుంచి వచ్చిన ఒకావిడ మాతో మాట్లాడింది. డెబ్భై దాటి ఉంటాయి. ఎనభైల్లో అమెరికాలో డాక్టర్ హూ వచ్చింది ఎక్కువగా పబ్లిక్ టీవీ స్టేషన్లలో, అవి నడిచేది విరాళాల మీద. విరాళాలు అడిగే రోజుల్లో అభిమానులు స్కార్ఫులు వేసుకుని స్టూడియోకి వెళ్ళి టీవీలో కనిపిస్తూ ఫోన్లు ఎత్తేవారు, మీకు ఈ సీరియల్ కావాలంటే డబ్బులు పంపండి అని. ఈవిడ అలా రాత్రిళ్ళు కూర్చుని ఫోన్లు ఎత్తిందట. "మేం అడగకపోతే ఆపేసేవాళ్ళమ్మా" అంది, మేఘనతో. మీరు ఇండియాలో ఎప్పుడు చూశారు ఇది అని నన్ను అడిగింది, మాకు దూరదర్శన్ లో స్టార్ ట్రెక్ వచ్చేది, ఇది ఇక్కడికి వచ్చాకే చూశాను అన్నాను. 2018 లో దేశ విభజన మీద వచ్చిన ఎపిసోడ్ చూశారా అంది. చూశాను, వినయ్ పటేల్ రాసింది. సరిహద్దు గీత పడే రోజున ఒక పెళ్ళి జరుగుతుంది అందులో, చివర్లో టైటిల్ మ్యూజిక్ కూడా మన పద్ధతిలో ఆలాపనతో వస్తుంది. ఆవిడకి విభజన అనేది ఒకటి జరిగిందని ఆ ఎపిసోడ్ చూశాకే తెలిసిందట, తర్వాత పుస్తకాలు తెచ్చుకుని చదివిందట.

ఇంకో మాట రాయకుండా ఉండలేను. సీరియల్ ని తిరిగి తెచ్చిన రస్సెల్ టి డేవీస్ చిన్నప్పటి నుంచీ అభిమాని. పదో డాక్టర్ గా వేసిన డేవిడ్ టెన్నంట్ కూడా అంతే. పీటర్ కపాల్డీ పదిహేనేళ్ళప్పుడు రేడియో టైమ్స్ పత్రికకి డాక్టర్ హూ మీద రాసిన ఉత్తరం 1974 లో అచ్చయింది, నలభై ఏళ్ళ తర్వాత ఆయనే పన్నెండో డాక్టర్. సీరియల్ లేని పదిహేనేళ్ళూ నవలలు రాసినవాళ్ళు, ఆడియో నాటకాలు చేసినవాళ్ళు చాలామంది తర్వాత టీవీ సీరియల్ కే రాశారు. అభిమానం అంటే చూసి చప్పట్లు కొట్టడం అనుకునేవాళ్ళకి ఈ లెక్క చూపించాలి.

తిరిగి వస్తూ 405 హైవే మీద ట్రాఫిక్ లో మేఘన అడిగింది, "పిన్నీ, మన దగ్గర ఇలా రికార్డు చేసుకున్నవాళ్ళు ఉన్నారా?" ఎందుకు లేరు! ఆకాశవాణి విజయవాడ పాత నాటకాలు ఇప్పుడు మనం యూట్యూబ్ లో వింటున్నామంటే చాలావాటికి ఎవరో శ్రోత ఇంట్లో క్యాసెట్ పెట్టుకుని రికార్డు చేసుకోవడమే కారణం. మా నాన్న కూడా చేసేవారు. ఆదివారం మధ్యాహ్నం నాటకం టైమ్ కి పానాసోనిక్ టేప్ రికార్డర్ రెడీ చేసి, క్యాసెట్ అట్ట మీద నాటకం పేరు, తేదీ, ఎవరెవరు వేశారో నీలం ఇంకుతో రాసి పెట్టేవారు. ఒకదాంట్లో సరిగ్గా నాయిక ఏడుస్తున్నప్పుడు మా వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తుంది, వెనకాల మా నాయనమ్మ స్టవ్ ఆపమని కేకేస్తుంది.

ఇంటికి రాగానే నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, ఆ క్యాసెట్లు ఉన్నాయా?"

"ఏ క్యాసెట్లు, నాటకాలవా? అటక మీద అట్టపెట్టెలో ఉన్నాయనుకుంటా. మీ అమ్మ ఇల్లు సున్నం వేయించినప్పుడు తీసి పారేద్దామంది, నేనే ఉండనియ్ అన్నాను."

"పారెయ్యకండి. నేను వచ్చి తీసుకుంటాను."

"ఇప్పుడెందుకే అవి, టేప్ రికార్డరే పనిచెయ్యట్లేదు."

పనిచెయ్యకపోవడమే నయం అన్నాను. సంవత్సరాల తరబడి అటక మీదున్న క్యాసెట్ ని తీసి వెంటనే ప్లేయర్ లో పెట్టకూడదు. టేపు చుట్ట మీద తెల్లగా పొడిలా కనిపిస్తే అది ఫంగస్, అలాగే తిప్పితే టేపు పాడవుతుంది, ప్లేయర్ హెడ్ కి అంటుకుని తర్వాత పెట్టిన క్యాసెట్లకి కూడా పాకుతుంది. టేపుని ఒత్తి పట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయినా పరవాలేదు, స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి చుట్టని వేరే డబ్బాలోకి మార్చొచ్చు. నాన్నకి చెప్పింది ఒకటే, పెట్టె కిందకి దించి ఎండ తగలని పొడి చోట, స్పీకర్లకి దూరంగా, క్యాసెట్లు పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచమని. డిసెంబర్ లో మేఘనా నేనూ వెళ్తున్నాం, డిజిటల్ లోకి మార్చడానికి కావలసిన సామాను ఇక్కడి నుంచే తీసుకెళ్తున్నాం. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల మీ ఇళ్ళల్లో కూడా రేడియో నాటకాల క్యాసెట్లు ఉంటే, వాటి మీద పేరూ తేదీ కనబడితే, నాకు రాయండి, మేమున్న రోజుల్లో మీవి కూడా మార్చి కాపీ మీ చేతికిస్తాం.